ముందటి టైర్లు

టీవీల కార్ల పందెం వస్తాంటే మా అక్క మనవరాలు చూస్తాంది. నేను గోడకు ఆనుకొని కూసున్న. పందెం నడుమల వాన మొదలైంది. ఒక్కొక్క కారే పక్కకొచ్చి ఆగుతాంది, పదిమంది ఉరికొచ్చి నున్నటి టైర్లు ఊడదీసి లోతుగ గాళ్లు కోసి ఉన్న టైర్లు బిగిస్తున్నరు. కన్ను మూసి తెరిచేలోపట పని అయిపోతాంది. "తాతా, మంచిగున్న టైర్లు ఎందుకు మారుస్తున్నరు?" అని పిల్ల అడిగింది. "వాన పడ్తాంది కండ్లకు కనవడ్తలేదా" అని కసిరిన. పాపం, దానిది మామూలు ప్రశ్న. మొకం చిన్న చేసుకొని లోపలికి పోయింది. నేనొక్కన్నే కూసొని చూసిన. నాలుక్కు నాలుగు మారుస్తున్నరు. ముందటియి కూడ.

ఆ పిల్ల సొంత తాత, అంటే మా బావ, గసుంటి పందెంలనే పోయిండు. కార్లు కావు, లారీలు. ఆ దినం ఆయన లారీకి టైర్లు ఏసింది నేను. అందుకే టైర్ల సంగతి ఎవలన్న అడిగితే నాకు ఇప్పటికీ కోపమొస్తది. అడిగినోళ్ల మీద కాదు. కాని పడేది మాత్రం వాళ్ల మీదనే.

మాది తిరుమలగిరి దిక్కు. గొర్లు కాసుకొని బతికెటోళ్లం. డ్యాం కట్టుడు షురూ అయినంక హాలియా మీదికెళ్లి సిమెంటు లారీలు, ఇనుము లారీలు ఒకటే తిరుగుడు. నేను గొర్లను ఇడిచిపెట్టి హాలియాల టైర్ల పని నేర్చుకున్న. నాయిన ఆర్నెల్లు నాతోని మాట్లాడలే. "నాలుగు కాళ్ల జీవాలను ఇడిచి నాలుగు చక్రాల ఎంట పడ్డడు" అని అవ్వతోని అనెటోడట. లారీకి ఆరు చక్రాలుంటయని ఆయనకు అప్పటికి ఎరుక లేదు. నేను కూడ చెప్పలే, ఎందుకంటే నాకు కూడ పట్టింపు తక్కువేం లేకుండె.

నా దుకాణమంటే నాలుగు గుంజల మీద తడక, ఒక చేతిపంపు, బొగ్గుల కుంపటి, రెండు కత్తులు. కొత్త టైర్లు కొనే తాకత్ డ్రైవర్లకు, షావుకార్లకు ఇద్దరికీ లేకుండె. టైరు అరిగి గుండు లెక్క నున్నగైతే నా దగ్గరికి తెచ్చెటోళ్లు. కత్తిని కుంపట్ల కాల్చి, రబ్బరుల మళ్ల గాళ్లు తీసేది నా పని. లోతు తక్కువైతే గాళ్లల్ల మట్టి నిండిపోతది. ఎక్కువైతే కింద గుడ్డ పొర తెగి టైరు పగుల్తది. చిటికెన వేలి గోరంత లోతు, అంతకు మించొద్దు. నా చెయ్యి మంచిదని పేరుండె. నల్గొండ నుంచి వచ్చే డ్రైవర్లు కూడ నా కాడ ఆగెటోళ్లు, నేను జర మెడ లేపి తిరిగిన.

వానకాలం వస్తే నాకు పనితోని ఊపిరి ఆడకపోయేది. ఆ రోడ్డు సగం నల్లరేగడి. నాలుగు చినుకులు పడ్డయంటే చక్రాలు దిగబడి బండ్లు ఎక్కడియక్కడ ఆగుతుండె. హాలియాల ఏ టైరాయనను అడిగినా ఒకటే చెప్పేది. ఇంజను తోసేది ఎనుక చక్రాలను, అందుకని గాళ్లున్న టైర్లు ఎనుక ఎయ్యాలె. ముందటియి ఉత్తగ తిరిగేటియి, నున్నగున్నా ఏం కాదు. గాలి కూడ జర తియ్యాలె, అప్పుడు టైరు పర్సుకొని బురద మీద నిలుస్తది. ఇది తప్పు కాదు. బురదకు గిదే నిజం. మేం పుట్టి పెరిగింది బురదలనే. ఇంకో తీరు రోడ్డు మాకు తెల్వదు. అయితే ఆ యేడు సిమెంటు లారీల కోసమని డ్యాం దిక్కు సగం దూరం డాంబరు పోసిండ్రు. నల్లగ, నున్నగ, సీదా. డాంబరు మీదికి ఎక్కితే చాలు, ఇంక ఫికర్ లేదనుకున్నం అందరం.

మా బావ లారీ డ్రైవరు. పొడుగు మనిషి. ఎవన్నన్న ఎక్కిరియ్యకుంటే ఆయనకు అన్నం అరిగేది కాదు. నేను దొరికితే ఇంక సంబురం. దుకాణం ముందట లారీ ఆపి, దిగకముందే "ఏం బామ్మర్దీ, ఎన్ని గొర్ల బొచ్చు కత్తిరించినవు పొద్దుగాలసంది?" అని గట్టిగ అడిగెటోడు. నా కాడ నలుగురు డ్రైవర్లు కూసొని ఉన్నా సరే. నేను తిట్టేది, ఆయన నవ్వేది. మా అక్కను చేసుకునే నాడు నాయిన ఒప్పుకోలే, డ్రైవరుకు పిల్లనియ్యనన్నడు. అక్క మూడు దినాలు గంజి ముట్టలే. పెండ్లి అయినంక నాయిన కూడ మెల్లగ మెత్తవడ్డడు. బావ వస్తే మందల నుంచి మంచి గొర్రెపాలు తెప్పించి పోసెటోడు. నాకు పొయ్యలే, అది యాదికుంచుకున్న.

డాంబరు పొయ్యకముందటి యేడు వానకాలంల ఒక ముసలి డ్రైవరు నా కాడికి వచ్చిండు. అందరు ఉస్తాద్ అంటుండె. పట్నంల డాంబరు రోడ్ల మీద జిందగీ అంత బండి నడిపిన మనిషి. నేను మంచి టైర్లు ఎనుక బిగిస్తాంటే చూసి, "బేటా, నువ్వు బురదకు ఏస్తున్నవు. డాంబరు మీద వానొస్తే ముందటియి మంచిగుండాలె" అన్నడు. ఎందుకన్నట్టు చూసిన. "నీళ్ల మీద టైరు సర్రుమని సప్పుడు చేస్తనే ఉండాలె. ఆ సప్పుడు బందైందంటే చక్రం రోడ్డు మీద లేదు, నీళ్ల మీద ఉన్నట్టు. యాక్సిలేటరు మీదికెళ్లి కాలు తియ్యాలె. గీ మాట మీ డ్రైవర్లకు చెప్పు" అన్నడు. నేను తలూపిన. ఆయన పోయినంక పక్కాయనతోని "ఉస్తాద్ చెవులతోని బండి నడుపుతడట" అని నవ్విన. డాంబరు ఇంక మా దిక్కు రానే లేదు అప్పటికి.

దసరా నాడు డ్యాం పని బంద్. పొద్దుగాల లారీలన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిచ్చి, మాపటికి పందెం పెట్టుకునుడు డ్రైవర్లు చేసుకున్న రివాజు. హాలియా అంగడి కాడ ఎల్లుడు, డ్యాం దిక్కు గుట్ట ఎక్కినంక చెక్‌పోస్టు కాడ ఆగుడు. గెలిచినోనికి ఒక పొట్టేలు. ఆ యేడు పొట్టేలు ఇచ్చేది మా నాయిన. కొమ్ములు తిరిగిన నల్ల పొట్టేలు, మందకంతా అదే ముద్దు. నాయిన దాన్ని ఇయ్యనికి ఒప్పుకున్నడంటేనే నాకు అర్థమైంది, అల్లుడు గెలుస్తడని ఆయనకు నమ్మకం. పొట్టేలు తిరిగి ఇంటికే వస్తది, ఊరంత చూస్తది, డ్రైవరుకు పిల్లనిచ్చినవని నవ్వినోళ్ల నోర్లు మూతపడ్తయి. నోరు తెరిచి ఒక్కనాడు అనలే ఆ మాట. పొట్టేలు కొమ్ములకు తనే కూసొని ఎర్రటి జాజు పూసిండు.

పందెంల నాలుగు లారీలు. బావ లారీకి ఆరుకు ఆరు టైర్లు నున్నగున్నయి. నా కాడ కొత్తగ గాళ్లు తీసినయి రెండే ఉండె. దసరా ముందట రెండు దినాలు కూసొని, బావ కోసమనే తీసిన. ఎవలకు ఇయ్యలే. రెండే, అంటే ముందటన్న ఎయ్యాలె, ఎనుకన్న ఎయ్యాలె. పగటీలి మబ్బు పట్టి జల్లు మొదలైంది. నేను ఆలోచన గూడ చెయ్యలే. ఎనుక బిగించిన. ముందటి నున్నటి టైర్లల్ల గాలి జర తీసిన, బురదల పర్సుకుంటయని.

అక్క సద్ది కట్టుకొని వచ్చింది. ఐదో నెల కడుపు. తల మీద గోనెసంచి కొప్పెర ఏసుకొని, చినుకులల్ల నడుసుకుంట వచ్చింది. "తమ్మీ, వాన గట్టిగొస్తదేమో. మంచి టైర్లు ఏసినవా?" అన్నది. "ఏసిన. నాకు చెప్తున్నవా" అన్న. "నువ్వు ఏసినవంటే నాకు ఫికర్ లేదు" అని సద్దిమూట బావకిచ్చింది. ఆయన "మీ తమ్ముడు పొట్టేలుకు కూడ గాళ్లు తీస్తడు, వదిలిపెడ్తే" అన్నడు. అక్క మూతి మీద కొంగు పెట్టుకొని నవ్వింది.

గప్పుడే నాకు ఉస్తాద్ చెప్పింది యాదికొచ్చింది. మర్చిపోయి చెప్పలేదంటే నాకు ఇంత బాధ ఉండకపోవు. మర్చిపోలే. లారీ అడుగుకెళ్లి లేచి చేతులు తుడుసుకుంటున్న. డాంబరు మీద సప్పుడు ఇనుకుంట పో బావా, సప్పుడు బందైతే కాలు తియ్యి, అని చెప్పాలనుకొని నోరు తెరిచిన. "ఏంది బామ్మర్దీ?" అన్నడు. నలుగురు డ్రైవర్లు ఇటే చూస్తున్నరు. సప్పుడు ఇనుమంటే ఈయన ఏమంటడో నాకు ముందే ఇనవడ్డది. గొర్ల కాడ గంట ఇన్నట్టు ఇనాల్నా అంటడు. ఆ డ్రైవర్లందరు పగలబడి నవ్వుతరు. యేడాది దాక ఆ మాటతోనే నన్ను పిలుస్తరు. "ఏం లేదు. పైలంగ పో" అన్న. "గెలిచి వస్త, కత్తి నూరి పెట్టు" అన్నడు.

నేను సైకిల్ మీద ముందే పోయి, బురద అయిపోయి డాంబరు మొదలయ్యే జాగల నిలవడ్డ. గెలుపు ఓటమి తేలేది బురదలనే అని అందరం అనుకున్నం, అందుకే జనం కూడ అక్కడనే ఉండె. వాన సన్నగ, ఇడవకుంట పడ్తాంది. ముందుగాల ఇంజన్ల సప్పుడు ఇనవడ్డది. అటెంక రేగడిల చిమ్ముకుంట బావ లారీ ఒక్కటే కనవడ్డది. ఎనుకొచ్చేటియి రెండు దిగబడ్డయి, ఒకటి అడ్డం తిరిగింది. బావ లారీ ఎనుక చక్రాలు బురదను కోసుకుంట వచ్చినయి. నా పక్కపొంటి పోతాంటే కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి ఊపిండు. నేను ఎగిరిన. ఎగిరి, పక్కనున్నోనితోని "నా టైర్లు, నా టైర్లు" అన్న. ఆ మాట అన్నది నేనే, ఇంకెవలు కాదు.

డాంబరు అక్కడికెళ్లి దిగుడు ఉంటది. దిగుడు అయినంక నీళ్లు ఆగే పల్లం, పల్లం కాడ ఎడమకు మలుపు, మలుపు పక్కన కంకర కోసం రాళ్లు కొట్టిన పెద్ద గుంత. ఖాళీ లారీ, దిగుడు, గెలిచినననే సంబురం. మస్తు ఊపు మీద పోయింది. నాకు ఎనుకభాగమే కనవడ్తాంది. మలుపు కాడ ముందటి చక్రాలు ఎడమకు తిరిగినయి, పక్కకు వచ్చిన చక్రం అంచు నాకు కనవడ్డది. లారీ మాత్రం మల్గలే. సీదా పోయింది. బ్రేకు ఎర్రలైటు కూడ ఎలగలే, మలుపు దాటి గుంత అంచు దాక. నేను ఉరికిన. చెక్‌పోస్టు దిక్కుకెళ్లి నాయిన ఉరికొస్తున్నడు. పొట్టేలును ఇడిచిపెట్టాలన్న సోయి గూడ లేదు ఆయనకు, తాడు చేతులనే ఉన్నది, అది ఎంట ఉరుకుతాంది.

నల్గొండ దవాఖానల నాలుగు దినాలు ఉన్నడు. రొమ్ము లోపల దెబ్బ. మొదటి రెండు దినాలు సోయి లేకుండె. ఊరోళ్లు జమ్మి ఆకు తెచ్చి, చేతుల పెట్టరాక మంచం కాళ్ల కాడ పెట్టి పోయిండ్రు. మూడో దినం కండ్లు తెరిచిండు. అక్క నీళ్లకు పోయింది. మంచం కాడ నేనొక్కన్నే ఉన్న.

"బామ్మర్దీ" అన్నడు. చెవి దగ్గర పెట్టిన.

"నీ టైర్లు మంచిగ పట్టినయిరా. బురదల గుంజుకొని పోయినయి."

జర సేపు ఊపిరి పీల్చుకున్నడు.

"డాంబరు మీద నీళ్లు సర్రుమని ఒకటే లొల్లి. పల్లం కాడికి రాంగనే ఆ సప్పుడు బందైంది. స్టీరింగు అల్కగైంది. ఇగ రోడ్డు మంచిగొచ్చిందనుకొని, ఇంక తొక్కిన."

ఇంక తొక్కిన అన్నడు. అది చెప్పి నవ్వబోయిండు. తనను తనే ఎక్కిరించుకుంటున్నట్టు. నొప్పికి నవ్వు రాలే. నేను మంచం పట్టె పట్టుకొని కూసున్న. కాలు తియ్యవలసిన కాడ తొక్కిండు. తియ్యమని చెప్పవలసినోన్ని నేను, చెప్పలే. అక్క నీళ్లు తెచ్చింది, ఆయన మళ్ల కండ్లు మూసిండు. తెల్లారి పోయిండు.

దినాలయినంక ఉస్తాద్ వచ్చిండు. గుంతల నుంచి గుంజి తెచ్చిన లారీ నా దుకాణం పక్కన పడి ఉండె. ముందటి టైరు మీద అరచెయ్యి పెట్టి ఒక్కసారి రాసిండు, అద్దం తుడిసినట్టు. నా దిక్కు చూసిండు. డ్రైవరుకు చెప్పినవా అని అడుగుతడనుకున్న. అడిగితే బాగుండు. తడక కింద కూసున్న అక్క దిక్కు పోయి, "అల్లా ధైర్యమియ్యాలె బేటీ" అని వెళ్లిపోయిండు.

ఆ మాపు అక్క అడిగింది. "నేను నీళ్లకు పోయినప్పుడు ఏమన్న మాట్లాడిండా తమ్మీ?" నా నోట్ల రెండు మాటలున్నయి. "నీ టైర్లు మంచిగ పట్టినయన్నడు" అన్న. ఒక్కటే చెప్పిన. అక్క ఏడిసింది. ఏడుసుకుంటనే నా తల నిమిరింది. "నీ మీద పెట్టుకోకు రా. ఆయననే చెప్పె గద" అన్నది. ఆ చెయ్యి తీసెయ్యమని అనాలె నేను. అనలే, ముందుకు వంగి ఇంక నిమిరిచ్చుకున్న.

నాయిన ఆ పొట్టేలును కొయ్యలే, అమ్మలే. ఎవలన్న దాని సంగతి ఎత్తితే లేచి మందల కలిసెటోడు. అక్క పుట్టింటికొచ్చి ఉన్నది. ఆడపిల్ల పుట్టింది. నేను దుకాణం ఇంకో ఇరువై ఏండ్లు నడిపిన. డాంబరు మీదికి పోయే ప్రతి లారీకి మంచి టైర్లు ముందట ఏసిన, సప్పుడు సంగతి ప్రతి డ్రైవరుకు చెప్పిన. నవ్వినోళ్లు నవ్విండ్రు. గొర్లోడు టైర్లతోని మాట్లాడుతడన్నరు. ఆ నవ్వు నాకేం చెయ్యలే. నా ఒంట్లకెళ్లి ఒక్క ముక్క ఊడిపడలే. గింతేనా, గీ నవ్వుకా నేను భయపడ్డది అని మనసుల అనుకునేది.

ఇంట్లనైతే ఎవలన్న ఆ పందెం ముచ్చట తీస్తే అక్క ఊకునేది కాదు. చుట్టాలల్ల ఒకాయన ఒకసారి, "ఆ దినం టైర్లు మంచిగుంటే మనిషి దక్కు" అన్నడు, నేను అక్కడనే తింటున్న. అక్క చేతుల గంటె పట్టుకొనే వచ్చింది. "మా తమ్ముని టైర్లల్ల తప్పు లేదు. సచ్చేటోడు అబద్ధం ఆడతడా? ఆయననే చెప్పిండు, మంచిగ పట్టినయని" అని కొట్లాడింది. చుట్టం తల వంచుకొని తిన్నడు. నేను కంచంల చెయ్యి కడుక్కున్న. గట్ల ఎన్నిసార్లు నా తరఫున కొట్లాడిందో. ప్రతిసారి నేను ఇచ్చిన సగం మాటతోనే కొట్లాడింది.

అక్క మంచాన పడ్డప్పుడు అనుకున్న, ఇగ చెప్పాలె. దసరా దినాలే. జమ్మి తీసుకొని పోయి చేతుల పెట్టి, కాళ్లు మొక్కి, మంచం పట్టె మీద కూసున్న. "అక్కా, బావ ఆ దినం ఇంకో మాట కూడ అన్నడు" అన్న.

అక్క నా దిక్కు చూసింది. కండ్లు మసకగున్నయి. జమ్మి పట్టుకున్న చేతితోనే నా చెయ్యి పట్టుకున్నది.

"ఇంకేం మాట ఉంటది తమ్మీ. నీ టైర్లు మంచిగ పట్టినయన్నడు గద. ఆ ఒక్క మాట నువ్వు తెచ్చి ఇచ్చినవు, దాని మీదనే ఇన్నేండ్లు బతికిన" అన్నది.

నేను "అవునక్కా" అన్న.